పంటు చప్పుడు వినబడుతోంది, దిక్కు తెలుస్తోంది, దూరం మాత్రం అంతుపట్టడం లేదు

రేవుగట్టు_విద్యార్థి
ఇంజనీరింగ్ చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా పాసివ్ సోనార్ ఎంచుకున్నాను. మనం నీటిలోకి ఏ శబ్దమూ పంపకుండా, ఎదుటి పడవ చేసే చప్పుడు మాత్రమే విని, అది ఎక్కడుందో, ఎటు పోతోందో తేల్చాలి. సఖినేటిపల్లి రేవుకు కొంచెం ఎగువన మా మావయ్యగారి కొబ్బరితోట గోదావరి పాయ వశిష్ఠ గట్టునే ఉంది కనుక అక్కడే ఏర్పాటు చేసుకున్నాను. పియెజో బిళ్ళలను ఎపాక్సీలో పోతపోసి రెండు హైడ్రోఫోన్లు, అంటే నీటిలోని శబ్దాన్ని వినే మైకులు, తయారుచేసి, ఒక వెదురుబొంగుకు 4 మీటర్ల ఎడంగా కట్టి, గట్టుకు సమాంతరంగా నీటిలో దింపాను. రెండింటి శబ్దాన్నీ సెకనుకు 48,000 నమూనాల చొప్పున ల్యాప్‌టాప్‌లో నమోదు చేస్తున్నాను. నరసాపురం నుంచి మనుషులనూ బళ్ళనూ నది దాటించే పంటు ఇంజను స్పష్టంగా వినబడుతోంది. చప్పుడు రెండు హైడ్రోఫోన్లకూ చేరడంలోని సమయభేదాన్ని బట్టి దిక్కు కూడా వస్తోంది. ఆ దిక్కులను కాల్మన్ ఫిల్టరుకు, అంటే తప్పులున్న కొలతల నుంచి కదిలేదాని జాడను అంచనా కట్టే లెక్కకు, ఇస్తే పంటు స్థానమూ వేగమూ రావాలి. మొదటి రెండు నిమిషాలు ఫిల్టరు బుద్ధిగానే నడుస్తుంది. ఆ తరువాత పంటును నది దాటించి, గట్టెక్కించి, తిన్నగా మావయ్యగారి తోటలోకి తోలుకుపోతుంది. మూడు వారాలుగా ఇదే తంతు. ప్రోగ్రామును నాలుగుసార్లు తిరగరాశాను. తప్పు ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా?

కొబ్బరితోట_1
పంటు తోటలోకి ఎలాగూ వస్తోంది కనుక కొబ్బరికాయల దింపు తీసేవారిని నలుగురిని ఎక్కించుకుని రమ్మనండి. మా వైపు మనుషులు దొరకడం లేదు.

లెక్కల_మేష్టారు_అమలాపురం
రెండు వివరాలు కావాలి. ఫిల్టరుకు మొదట దూరం ఎంత అని ఇచ్చారు? నీటిలో శబ్దవేగం ఎంత అని పెట్టారు?

రేవుగట్టు_విద్యార్థి
మొదటి దూరం 300 మీటర్లు అని ఊహించి ఇచ్చాను మేష్టారూ. శబ్దవేగం సెకనుకు 1,500 మీటర్లు.

యానాం_అమ్మాయి
శబ్దవేగం సరిగానే పెట్టారు, సంతోషం. మా బృందం రెండేళ్ళ క్రితం గాలిలోని వేగం 340ని అలాగే వదిలేసింది. హైడ్రోఫోన్ల మధ్య 4 మీటర్లున్నప్పుడు నీటిలో సమయభేదం ఎంత పెరిగినా 2.67 మిల్లీసెకన్లు దాటదు. ప్రోగ్రాము మాత్రం 11.8 వరకు రావచ్చని ఎదురుచూస్తోంది. దానితో ఏ పడవ ఏ మూల నుంచి వచ్చినా మా తెరమీద ఎదురుగా 13 డిగ్రీల లోపునే కనబడేది. గౌతమిలో పడవలన్నీ మమ్మల్ని చూడడానికే వస్తున్నాయని ఒక నెల రోజులు మురిసిపోయాము.

గోదారి_చెవి
దిక్కు ఎంత నిక్కచ్చిగా వస్తోందో కూడా చూసుకోండి. సెకనుకు 48,000 నమూనాలంటే ఒక్కొక్క నమూనాకు నీటిలో శబ్దం 3.1 సెంటీమీటర్లు నడుస్తుంది. బొంగుకు నిటారుగా ఎదురుగా ఉన్న పడవకు ఒక నమూనా తేడా అంటే 0.45 డిగ్రీ, అది చాలా మంచి లెక్క. అదే పడవ బొంగు కొస వైపుకు, అంటే గట్టు వెంబడి ఉంటే, ఒక్క నమూనా తేడాకే 7 డిగ్రీలు తప్పిపోతుంది. బొంగుకు తన ఎదుట చూపు బాగా ఆనుతుంది కాని కొసల వైపు మసకే. పంటు రేవుకు చేరే సమయంలో మీకు ఏ వైపున ఉంటుంది?

రేవుగట్టు_విద్యార్థి
రేవు నాకు దిగువన ఉంది కనుక చివరి నిమిషంలో దాదాపు కొస వైపుకే వస్తుంది. అది నేను గమనించలేదు. అయితే ఫిల్టరు అంతకు ముందే, పంటు నది మధ్యలో ఉండగానే దారి తప్పుతోంది.

లెక్కల_మేష్టారు_అమలాపురం
మీ ప్రోగ్రాములో తప్పు లేదు. మీ ప్రశ్నకు జవాబే లేదు. కొంచెం నిదానంగా చెబుతాను.

మీరు ఒకే చోట కూర్చుని దిక్కు మాత్రమే కొలుస్తున్నారు. పంటు మీకు 200 మీటర్ల దూరంలో సెకనుకు 2 మీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకోండి. మరొక పంటు 400 మీటర్ల దూరంలో 4 మీటర్ల వేగంతో అదే వైపుకు పోతోందనుకోండి. ఈ రెండింటి దిక్కులూ ప్రతి క్షణమూ ఒక్కటే. వెయ్యి కొలతలు తీసినా, లక్ష తీసినా, దగ్గరలో మెల్లగా పోయేదానినీ దూరంగా వేగంగా పోయేదానినీ వేరుచేసే సమాచారం వాటిలో లేదు. లేని సమాచారాన్ని ఏ ఫిల్టరూ పుట్టించలేదు. మీరు ఇచ్చిన 300 మీటర్ల ఊహనే అది పట్టుకుని వేలాడుతుంది. కొలతలలోని చిన్నచిన్న తప్పులను చూసి దూరం తెలిసిపోయిందని భ్రమపడి, ఆ ఊహను కొద్దికొద్దిగా జరుపుతూ పోతుంది. దూరం తగ్గుతూ తగ్గుతూ సున్నా దాటితే పడవ మీ వెనుకకు వస్తుంది. మీ వెనుక ఉన్నది కొబ్బరితోట.

రేవుగట్టు_విద్యార్థి
నాలుగుసార్లు తిరగరాసిన ప్రోగ్రాము గురించి ఇక మాట్లాడను.

తూర్పుతీరం_విశ్రాంతి
నేను పదిహేనేళ్ళు సోనార్ గదిలో చెవులకు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నవాడిని, ప్రస్తుతం కాకినాడలో విశ్రాంతిగా ఉన్నాను. మేష్టారు చెప్పినది అక్షరాలా నిజం. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు మేము మొదట నేర్పేది కూడా అదే: వినేవాడికి ముందు దొరికేది బేరింగు, అంటే దిక్కు; దూరం మనం కదిలి సంపాదించుకోవాలి.

కదలడమంటే తిన్నగా ఒకే వేగంతో పోవడం కాదు. ఎదుటి ఓడ తిన్నగా పోతోంది, మనమూ తిన్నగా పోతున్నాము అంటే పరిస్థితి కూర్చున్నట్లే ఉంటుంది. మనం దారి మార్చాలి. కొంతసేపు ఒక వైపు పోయి, మలుపు తిరిగి, మరొక వైపు పోవాలి. మొదటి దారిలో బేరింగు ఎంత వేగంగా మారింది, రెండవ దారిలో ఎంత వేగంగా మారింది అన్న తేడాలో దూరం దాగి ఉంటుంది. 1958లో ఎకెలుండ్ అనే అమెరికా నౌకాదళ అధికారి దీనిని కాగితం మీద ఒక్క భాగహారంతో తేలిపోయే సూత్రంగా మార్చాడు. సబ్‌మెరైన్లలో ఇప్పటికీ ఆయన పేరుతోనే ఆ లెక్కను పిలుస్తారు.

మీ నదికి తగిన అంకెలు చెబుతాను. ఒక నావలో కూర్చుని పంటు పోయే వైపుకే, చూపుకు అడ్డంగా, సెకనుకు 1 మీటరు చొప్పున పోయారనుకోండి. బేరింగు సెకనుకు 0.3 డిగ్రీ చొప్పున మారింది. తరువాత నావను వెనుకకు తిప్పి అదే వేగంతో ఎదురు వైపుకు పోయారు. ఇప్పుడు 0.6 చొప్పున మారింది. మీ వేగంలో వచ్చిన తేడా 2 మీటర్లు. బేరింగు మార్పులో తేడా 0.3 డిగ్రీ, అంటే 0.00524 రేడియను. 2ను దానితో భాగించండి. దూరం 382 మీటర్లు. పంటు వేగం ఎంతో తెలియకుండానే దూరం వచ్చేసింది.

కొబ్బరితోట_1
హాస్యం పక్కన పెట్టి అడుగుతున్నాను. రాజమహేంద్రవరం వంతెన మీద రైలులో పోతూ చూస్తే దగ్గరి దూలాలు గిర్రున వెనుకకు పోతాయి, దూరంగా ఉన్న లంకలు మెల్లగా కదులుతాయి. ఆ తేడాను బట్టే కన్ను దూరం పోల్చుకుంటుంది. అది కూడా ఇదేనా?

లెక్కల_మేష్టారు_అమలాపురం
దాదాపు అదే. లంక కదలదని మీకు ముందే తెలుసు కనుక రైలు తిన్నగా పోయినా సరిపోతుంది. లంకకు బదులు నదిలో పోయే పడవను చూస్తే, పడవ ఎంత కదిలిందో, రైలు వలన ఎంత కదిలినట్లు కనబడిందో విడదీయలేరు. అందుకే మలుపు కావలసివచ్చింది.

సరంగుగారి_మనవడు
ఇన్ని లెక్కలు అవసరమని నాకు అనిపించడం లేదు. మా తాతగారు ముప్పై ఏళ్ళు లాంచీ సరంగుగా పనిచేశారు. పొగమంచు పట్టిన రోజులలో ఇంజను ఆపి, తెడ్డును నీటిలో నిలబెట్టి, దాని పిడిని చెవికి ఆనించుకుని, ఎదురుగా వచ్చే లాంచీ ఏదో, ఎంత దూరంలో ఉందో చెప్పేవారు. నేను పక్కనే కూర్చుని చూశాను. ఆయన నావను మలుపులు తిప్పలేదు, భాగహారమూ చేయలేదు.

తూర్పుతీరం_విశ్రాంతి
మీ తాతగారిని తప్పుపట్టడం లేదు. ఇంజను ఆపి వినడం అసలైన పద్ధతి; మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సబ్‌మెరైన్ల కోసం వెతికే చిన్న ఓడలు కూడా హైడ్రోఫోను దింపే ముందు తమ ఇంజన్లు ఆపుకోవలసివచ్చేది. నీటిలో గొట్టం ఒక కొస దింపి, మరొక కొస చెవికి పెట్టుకుంటే దూరపు ఓడలు వినబడతాయని 15వ శతాబ్దం చివరలోనే లియొనార్డో డావిన్సీ రాసుకున్నాడు. మీ తాతగారి తెడ్డు ఆ వంశానిదే.

అయితే ఆయన దూరం కొలవలేదు, గుర్తుపట్టారు. ఫలానా లాంచీ దగ్గరలో ఎంత గట్టిగా వినబడుతుందో ఆయనకు ఏళ్ళ తరబడి తెలుసు కనుక ఇప్పుడు వినబడే బిగ్గరతనాన్ని దానితో పోల్చుకున్నారు. తెలియని లాంచీ వచ్చి ఉంటే ఏమి చెప్పేవారు?

సరంగుగారి_మనవడు
తెలియని లాంచీ అప్పట్లో మా వైపు వచ్చేది కాదు.

లెక్కల_మేష్టారు_అమలాపురం
ఈ జవాబు ఓడిపోయినవారు చెప్పేదిలా లేదు, మెచ్చుకుంటున్నాను. కాని బిగ్గరతనాన్ని నమ్మితే ఎంత మోసం జరుగుతుందో చూడండి. లోతైన నీటిలో శబ్దం అన్ని వైపులా పరుచుకుంటుంది కనుక దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అడుగూ పైభాగమూ రెండూ దగ్గరగా ఉన్న మన నది వంటి చోట అది పక్కలకే పరుచుకుంటుంది కనుక రెట్టింపుకు 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గవచ్చు. సరంగు ఇంజను కొంచెం పెంచితేనో, పంటులో ఒక లారీ ఎక్కువైతేనో 6 డెసిబెల్స్ మారిందంటే, మీ దూరం లెక్క నాలుగు రెట్లు తప్పవచ్చు.

వెనామీ_రైతు
భీమవరం దగ్గర మా చెరువులో ఒక్క హైడ్రోఫోనుతోనే పని జరుగుతోంది. రొయ్యలు మేత కొరికేటప్పుడు దవడల చిటచిట వినబడుతుంది. ఆ చిటచిటలు తగ్గితే ఆకలి తీరిందని యంత్రం మేత వేయడం ఆపుతుంది. రొయ్య ఎక్కడుందో దానికి అక్కరలేదు, తింటోందా లేదా అన్నదే కావాలి. మాకు అమ్మినవారు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నా పనిచేస్తుందన్నారు కాని మొదటి పంటలో ఏరియేటరు చప్పుడునే ఆకలిగా ఎంచి బస్తాలకు బస్తాలు గుమ్మరించింది. హైడ్రోఫోనును ఏరియేటర్లకు దూరంగా జరిపిన తరువాత గాని దారికి రాలేదు. ఇప్పటికీ నేను మేత మిగిలిందేమో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడనిదే యంత్రాన్ని నమ్మను.

యానాం_అమ్మాయి
మీరు అనుకోకుండానే ఈ విద్యలోని రెండు మెట్లనూ విడదీసి చూపించారు. ఉందా లేదా అన్నది పసిగట్టడానికి ఒక్క చెవి చాలు. ఎక్కడుందో చెప్పడానికి కనీసం రెండు చెవులూ వాటి మధ్య ఎడమూ కావాలి. మన సొంత చెవులు కూడా నీటిలో ఇందుకే పనికిరాకుండా పోతాయి. గాలిలో ఒక చెవికీ మరొక చెవికీ చప్పుడు 0.6 మిల్లీసెకను వరకు తేడాతో చేరుతుంది. నీటిలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కనుక ఆ తేడా 0.15 లోపుకు పడిపోతుంది. పైగా చప్పుడు పుర్రె ఎముకల గుండా కూడా లోపలికి వచ్చేస్తుంది. చిన్నప్పుడు గోదావరిలో మునిగినప్పుడు ఇంజను పడవ చప్పుడు నలువైపుల నుంచీ వచ్చినట్లు వినబడడం ఇక్కడ చాలామందికి అనుభవమే అయివుంటుంది.

ఉప్పాడ_వల
చప్పుడు చేసే చేపలను కూడా ఇలా పట్టవచ్చు కదా? కచిడి ఒక్కటి దొరికితే లక్షలు పలుకుతుంది.

గోదారి_చెవి
కచిడి నిజంగానే చప్పుడు చేసే జాతి. గొరక చేపల కుటుంబంలో చాలావాటికి గాలితిత్తిని ఆనుకుని ప్రత్యేకమైన కండరాలుంటాయి. వాటితో తిత్తిని డోలులాగా మోగిస్తాయి. గుంపు మోగిస్తే పడవ చెక్క గుండా కూడా వినబడుతుంది. మలేషియాలో నీటిలో తల ముంచి, చేపల చప్పుడును బట్టి వల ఎటు వేయాలో చెప్పే సంప్రదాయ నిపుణులు ఉండేవారు. కచిడికి అంత ధర పలకడానికి కారణం కూడా ఆ గాలితిత్తే. పాపం, మోగే డోలే దాని ప్రాణం మీదకు తెస్తోంది.

ఉప్పాడ_వల
అయితే విద్యార్థిగారు ప్రాజెక్టు అయిపోగానే ఆ వెదురుబొంగు నాకు అమ్మాలి.

నిర్వాహకుడు
బేరసారాలు విడిగా మాట్లాడుకోండి. ఇక్కడ దూరం సంగతే నడవనివ్వండి.

పాపికొండల_దారి
ఒక సందేహం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు సోనార్‌తో వెతికారని చదివాను. బోటు బయటకు వచ్చేసరికి అక్టోబరు 22 అయింది. అప్పుడు ఇటువంటి వినే సోనార్ వాడి ఉంటే త్వరగా దొరికేదా?

తూర్పుతీరం_విశ్రాంతి
దొరికేది కాదు. మునిగిన బోటు పలకదు. అక్కడ వాడినది సైడ్‌స్కాన్ సోనార్. అది తానే శబ్దాన్ని పంపి, అడుగు నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనులతో బొమ్మ గీసుకునే రకం. శబ్దాన్ని పంపి తిరిగి రావడానికి పట్టిన సమయం కొలిస్తే దూరం వెంటనే తెలుస్తుంది. విద్యార్థిగారు పడుతున్న అవస్థ అందులో లేదు. యుద్ధంలో దాని చిక్కు వేరు: అరిచినవాడు తాను ఎక్కడున్నాడో ముందుగా ఎదుటివాడికే చెప్పేస్తాడు. అందుకే సబ్‌మెరైను చాలావరకు వింటూనే బ్రతుకుతుంది.

మునిగినది తానే పలికే ఏర్పాటు ఉంటే వినే సోనార్ ఎంతో ఉపయోగం. విమానాల బ్లాక్‌బాక్సుకు ఒక పింగరు ఉంటుంది. నీరు తగలగానే 37.5 కిలోహెర్ట్జ్ వద్ద సెకనుకు ఒకసారి చొప్పున టిక్కుమంటుంది. పాతవి 30 రోజులు, కొత్తవి 90 రోజులు పలుకుతాయి. నదిలో తిరిగే ప్రతి పర్యాటక బోటుకూ అటువంటిది ఒకటి ఉండాలని నా సొంత అభిప్రాయం.

రేవుగట్టు_విద్యార్థి
నా దగ్గర నావ ఉంది కాని దానిలో 4 మీటర్ల బొంగు కట్టి, నదిలో మలుపులు తిప్పడం ఒక్కడి వలన కాదు. గట్టు మీద నుంచే దూరం తెచ్చుకునే దారి లేదా? మూడవ హైడ్రోఫోను అదే బొంగుకు కడితే?

గోదారి_చెవి
కట్టవచ్చు కాని మీ దూరాలకు పనిచేయదు. మూడు హైడ్రోఫోన్లను 4 మీటర్ల ఎడంతో ఒకే వరుసలో పెడితే, వచ్చే అల వంపును కొలిచి దూరం చెప్పవచ్చు. దగ్గరి పడవ అల ఎక్కువ వంపుగా, దూరపు పడవ అల దాదాపు తిన్నగా ఉంటుంది. 500 మీటర్ల దూరంలోని పడవకు ఆ వంపు వలన వచ్చే తేడా 4 × 4ను 500తో భాగిస్తే 3.2 సెంటీమీటర్లు. మీ ఒక్క నమూనా కూడా దాదాపు అంతే. అంటే 500 మీటర్లకూ వెయ్యి మీటర్లకూ మధ్య తేడా మీకు సగం నమూనా. బురదనీటిలో, అలల మీద ఊగే వెదురుబొంగుతో సగం నమూనాను నమ్ముకోలేము.

బొంగును పొడిగించడం కాదు, రెండవ బొంగు పాతండి. మావయ్యగారి తోట గట్టు వెంట ఎంత పొడవుంది?

రేవుగట్టు_విద్యార్థి
దాదాపు 150 మీటర్లు.

గోదారి_చెవి
ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి. రెండు చోట్ల నుంచి రెండు దిక్కులు గీసి, అవి కలిసే చోట చుక్క పెట్టండి. ఒక్కొక్క దిక్కు 0.45 డిగ్రీ తప్పినా 400 మీటర్ల దూరంలో చుక్క సుమారు పద్దెనిమిది మీటర్లకు మించి తప్పకూడదు. ఇందులో మరొక సుఖం ఏమంటే, రెండు బొంగుల గడియారాలూ ఒక సెకను అటూఇటూ అయినా నష్టం లేదు; ఒక సెకనులో పంటు పోయేది రెండు మూడు మీటర్లే. ఒక బొంగు హైడ్రోఫోనుకూ రెండవ బొంగు హైడ్రోఫోనుకూ మధ్య సమయభేదం కొలవాలనుకుంటే మాత్రం మిల్లీసెకన్లు సరిపోవాలి, ఎందుకంటే ఆ లెక్కలో ఒక్క సెకను తప్పితే కిలోమీటరున్నర తప్పినట్లు.

యానాం_అమ్మాయి
పోటు సంగతి మరచిపోకండి. సముద్రం ఆట్టే దూరం లేదు కనుక వేసవిలో పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు అడుగు నుంచి చొచ్చుకువస్తుంది. 25 డిగ్రీల మంచినీటిలో శబ్దవేగం దాదాపు 1,497 మీటర్లు, అదే వేడిమి గల సముద్రపు నీటిలో దాదాపు 1,534. బొంగుకు ఎదురుగా ఉన్న పడవకు ఈ తేడా వలన నష్టమేమీ లేదు. పక్కకు 60 డిగ్రీలలో ఉన్నదానికి రెండున్నర డిగ్రీలు తప్పిపోతుంది. పైగా శబ్దం ఎప్పుడూ వేగం తక్కువ ఉన్న పొర వైపుకే వంగుతుంది. అడుగున ఉప్పునీరు, పైన మంచినీరు ఉన్నప్పుడు అది పైకి వంగి పైపొరలోనే పరుగెడుతుంది. మా హైడ్రోఫోనును అడుగుకు దించిన రోజున పోటు వేళ పడవలు సన్నగా, అరమీటరు లోతున పెట్టిన రోజున బిగ్గరగా వినబడ్డాయి.

తూర్పుతీరం_విశ్రాంతి
బంగాళాఖాతంలో ఇదే సంగతి పెద్ద ఎత్తున జరుగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు వర్షాకాలం తరువాత పైన తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. ఆ పొర కింద ఏముందో పైనుంచి వినడం కష్టం. అంతకు మించి ఇక్కడ చెప్పడం నాకు ఇష్టం లేదు.

రేవుగట్టు_విద్యార్థి
ఫిల్టరు సంగతి కూడా చెప్పండి. నావ దొరికి మలుపులు తిప్పినా అది మళ్ళీ తోటలోకి రాదని నమ్మకం ఏమిటి?

లెక్కల_మేష్టారు_అమలాపురం
మామూలు ఎక్స్, వై నిరూపకాలలో కాల్మన్ ఫిల్టరును నడిపితే మలుపుకు ముందే దూరం తెలిసిపోయినట్లు ధీమా పడి పాడవుతుంది. దీనికి విరుగుడుగా 1983లో ఐడాలా, హామెల్ అనే ఇద్దరు మరొక అమరిక సూచించారు. దిక్కు, దిక్కు మారే వేగం, దూరం మారే వేగాన్ని దూరంతో భాగించిన విలువ, దూరం తలక్రిందులు (ఒకటిని దూరంతో భాగించిన విలువ), ఈ నాలుగింటినీ ఫిల్టరుకు ఇస్తారు. మొదటి మూడూ మలుపు లేకుండానే తెలుస్తాయి. నాలుగవది మలుపు తిరిగే వరకు మౌనంగా ఉంటుంది. తెలియనిదానిని తెలిసినదానితో కలిపి పాడుచేయదు. దీనికన్నా సులువు కావాలంటే వేలకొద్దీ ఊహాపడవలను నదిమీద చల్లి, కొలతలకు సరిపోనివాటిని ఏరివేసే పార్టికల్ ఫిల్టరు వాడండి. 1993లో ఆ పద్ధతిని ప్రకటించిన వ్యాసంలో చూపిన ఉదాహరణ కూడా దిక్కులతో మాత్రమే లక్ష్యాన్ని వెంటాడడమే. అందులో మీకు తెలిసిన విషయాలను కూడా చేర్చవచ్చు: ఏ ఊహాపడవ గట్టెక్కితే దానిని అక్కడికక్కడే తీసిపారేయండి.

కొబ్బరితోట_1
నా దింపు కూలీల ఆశ దీనితో అడుగంటింది.

రేవుగట్టు_విద్యార్థి
పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. తోట రెండు కొసలలోనూ బొంగులు పాతాను. పంటులో నా స్నేహితుడు ఫోను జీపీఎస్ నడుపుతూ ఆరుసార్లు అటూఇటూ తిరిగాడు. టికెట్టు కొట్టే ఆయన చివరికి ఎవరి కోసం తిరుగుతున్నావు అని అడిగారట. నది మధ్యలో మా చుక్క జీపీఎస్ చుక్కకు 25 నుంచి 30 మీటర్ల లోపు వస్తోంది. గోదారి_చెవి గారు చెప్పిన పద్దెనిమిది రాలేదు. పాటు వేళ బొంగులు ప్రవాహానికి వంగుతున్నాయి, కారణం అదే అయివుంటుంది.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. పంటుతో పాటు మరొక ఇంజను పడవ నదిలో ఉంటే నాలుగు చుక్కలు వస్తున్నాయి. రెండు నిజం, రెండు దయ్యాలు. ఏవి ఏవో తెలియడం లేదు. ప్రొపెల్లరు లయను బట్టి విడదీద్దామనుకున్నాను. పంటు ఇరుసు నిమిషానికి సుమారు 500 చుట్లు, మూడు రెక్కలు కనుక 25 హెర్ట్జ్ దగ్గర గీత కనబడాలి. ఎంత వెతికినా అక్కడ ఏమీ లేదు.

గోదారి_చెవి
బొంగు దగ్గర లోతు ఎంత?

రేవుగట్టు_విద్యార్థి
5 మీటర్లు.

గోదారి_చెవి
5 మీటర్ల నీటిలో 25 హెర్ట్జ్ ప్రయాణించదు. శబ్దవేగాన్ని లోతుకు నాలుగు రెట్లతో భాగించండి: 1,500ను 20తో భాగిస్తే 75. అడుగు రాతిలాగా గట్టిగా ఉన్నా అంతకంటే తక్కువ శ్రుతులు పడవ దగ్గరే చచ్చిపోతాయి. మన ఒండ్రు బురదలోకైతే ఇంకిపోతాయి కూడా. కాని ప్రొపెల్లరు రెక్కల దగ్గర బుడగలు పుట్టి పగలడం వలన వచ్చే బుసబుస కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది, అది దూరం పోతుంది. ప్రతి రెక్కా పైకి వచ్చినప్పుడు బుస కొంచెం హెచ్చుతుంది. కనుక 25 హెర్ట్జ్ స్వయంగా రాకపోయినా బుస భుజాల మీద ఎక్కి వస్తుంది. 2 నుంచి 8 కిలోహెర్ట్జ్ వరకు జల్లెడ పట్టి, ఆ బుస హెచ్చుతగ్గుల రూపాన్ని మాత్రం తీసుకుని, దానిలో లయ వెతకండి. నౌకాదళాలవారు దీనిని డెమన్ అంటారు.

తూర్పుతీరం_విశ్రాంతి
చెవితో విన్నా తెలుస్తుంది. చుక్, చుక్, చుక్ అని లెక్కపెట్టుకునేవాళ్ళం. మూడు రెక్కలలో ఒకటి వంకర పోయి ఉంటే మూడింటికొకసారి బరువుగా వినబడుతుంది.

సరంగుగారి_మనవడు
మా తాతగారు ఏ లాంచీ ఏదో చెప్పడానికి పట్టుకున్నది సరిగ్గా ఆ బరువునే. ఫలానా లాంచీ కుంటుతూ వస్తోంది అనేవారు. దూరం మాటలో మేష్టారిదే పైచేయి కావచ్చు, కుంటిదానిని గుర్తుపట్టడానికి మాత్రం తెడ్డు చాలింది.

లెక్కల_మేష్టారు_అమలాపురం
ఒప్పుకుంటున్నాను.

రేవుగట్టు_విద్యార్థి
వచ్చింది. జల్లెడ పట్టగానే 25 దగ్గర ఒక గీత, 17 దగ్గర మరొకటి లేచాయి. రెండు బొంగుల నుంచీ 25 లయ ఉన్న దిక్కులను విడిగా, 17 లయ ఉన్నవాటిని విడిగా కలిపితే దయ్యాలు రెండూ పోయాయి. మొత్తం రికార్డింగు మళ్ళీ నడిపించాను. ఒక్కసారి మాత్రం 17 లయ గల పడవ గట్టెక్కి మా తోట పక్కన ఆగినట్లు వచ్చింది. మళ్ళీ మొదటికి వచ్చిందనుకుని వెళ్ళి చూస్తే, తోట పక్కనున్న పిల్లకాలువ మొగలో నిజంగానే ఒక నావ కట్టి ఉంది.

కొబ్బరితోట_1
ఎవరిదో కనుక్కోండి. కాయలు ఏమైనా తగ్గాయా?